కెటిల్ అనకుండా వెళ్లినవాడు

"కెటిల్!"

ఆ ఒక్క మాట అని, హెడ్‌ఫోన్ తీసి పారేసి మెరిన్ పిల్లల గదిలోకి పరుగెత్తింది.

కవలల్లో ఒకడు మంచం మీంచి పడ్డాడు. రెండోవాడు వాడికి తోడుగా ఏడుస్తున్నాడు.

ఇద్దరినీ సముదాయించి వచ్చేసరికి ఆట తెర మీద ఆమె బొమ్మ క్షేమంగానే ఉంది. దానికి డాలు అడ్డుపెట్టి తోటి ఆటగాడు పాతబూటు నిలబడి ఉన్నాడు.

"థాంక్స్ బూటూ."

"దానిదేముంది తల్లీ. బుడ్డోడికి దెబ్బ తగల్లేదు కదా?"

టాస్మేనియా తూర్పు తీరంలోని ఊళ్లవాళ్లు కొందరు రోజంతా పనుల్లో నలిగి, భోజనాలయ్యాక ఓ గంట ఆన్‌లైన్‌లో ఆడుకునే జట్టది. అసలు పేర్లు చెప్పుకోరు, అన్నీ మారుపేర్లే. ఎవరేం చేస్తారో అడగరు.

నియమం ఒక్కటే. మధ్యలో లేవాల్సి వస్తే "కెటిల్" అనాలి.

అంటే నీళ్లు మరిగిపోతున్నాయని. నిజంగా నీళ్లే కావచ్చు, పిల్లాడి ఏడుపు కావచ్చు, పై అధికారి ఫోను కావచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు వాళ్ల చోటు కాస్తారు.

మెరిన్ ఆ జట్టుకు కెప్టెన్. పగలంతా స్కూలు బస్సు నడుపుతుంది. మొగుడు పడమటి గనుల్లో వారాల తరబడి ఉండిపోతాడు. పెద్దవాళ్లతో మనసారా నవ్వుకునేది ఆ గంటే. పెళ్లయి పిల్లలున్నదానికి ఆటలేమిటని ఎవరైనా అంటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

పాతబూటుకు మాత్రం ఒక రోగం ఉంది. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మాయమైపోతాడు. మర్నాడొచ్చి "పని పడింది, క్షమించండి" అంటాడు. అంతే.

ఆ శనివారం జట్టంతా ముందే చేరింది. చలికాలం నుంచి రోజుకింత కట్టుకుంటూ వచ్చిన కోట మీదికి తోడేళ్ల ఆఖరి దండు వస్తోంది. ఇది కాచుకుంటే కోట నిలుస్తుంది. లేదా, మొత్తం బూడిదే.

"తలుపు దగ్గరెవరు?" అంది మెరిన్.

"నేనున్నాగా," అన్నాడు పాతబూటు.

"నువ్వున్నావనే కదా గురూ నా భయం," అన్నాడు లామింగ్టన్. అందరికంటే వాగుడు ఎక్కువ అతనికి.

అందరూ నవ్వారు. తోడేళ్లు వచ్చాయి.

సరిగ్గా అప్పుడే పాతబూటు వైపు నుంచి ఫోను మోగింది. కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత నిశ్శబ్దం.

"బూటూ, డాలెత్తు! ఎత్తవేం?"

తలుపు దగ్గర బొమ్మ దిష్టిబొమ్మలా నిలబడిపోయింది.

"కెటిల్ అన్నాడా?" అంది మెరిన్.

"అనలేదు. అనుంటే నేను పరుగెత్తుకెళ్లేవాణ్ణి కదా!" అన్నాడు లామింగ్టన్.

వాళ్లు చేరేలోపే తలుపు విరిగింది. నెలల కష్టం కళ్లముందే తగలబడిపోయింది.

మెరిన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"ఒక్క ముక్క. ఒక్క ముక్క అనడానికి నోరు పడిపోయిందా ఆ మనిషికి?"

"పోనీ కెప్టెన్. రేపొచ్చాక నాలుగు చీవాట్లు పెడదాం," అన్నాడు లామింగ్టన్.

"రానిస్తే కదా!"

పాతబూటు పేరు పక్కనున్న తీసివేత మీట నొక్కేసింది. ఒకసారి తీసేసిన పేరు మళ్లీ ఆ జట్టులో చేరదు. ఆటలో పద్ధతే అంత.



చాలాసేపైనా కోపం చల్లారలేదు. అలాగే ఆమె పిల్లలకు పాలు కాచింది. బయట ఎండాకాలపు వెలుతురు ఇంకా పోలేదు. ఫోను మోగింది. తెలియని నంబరు. గొంతు మాత్రం నాన్నది.

"అమ్మడూ, కంగారుపడకు. ఆస్పత్రి నుంచి. బాగానే ఉన్నాను."

పిల్లలిద్దరినీ కారులో ఎక్కించుకుని ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు.

తండ్రి లిండ్సే దుప్పట్ల గుట్టలో కూర్చుని ఉన్నాడు. పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి. చేతిలో టీ కప్పు ఉంది.

"ఒక్కడివే చేపలకు వెళ్లొద్దని మొత్తుకున్నాను కదా నాన్నా!"

"తిట్లు తర్వాత తిట్టు. ముందు దీంట్లో ఇంకో చెంచా పంచదార వెయ్యి."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తండ్రి చేతిని చెంపకు ఆనించుకుంది.

"ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అల కొట్టి పడవ బోల్తాపడింది," అన్నాడు లిండ్సే. "ఆపదలో ఆదుకునే వాలంటీర్ల పడవ వచ్చేసరికి నా చేతులు పట్టు తప్పుతున్నాయి. అందులో ఒకాయన ఆ అలల్లోకి దూకేశాడమ్మా. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాణ్ణి కాదని డాక్టరమ్మ చెప్పింది."

"ఎవరు నాన్నా? ఆయన చేతులు పట్టుకుని థాంక్స్ చెప్పుకోవాలి. ఈ జన్మకు ఆయన మేలు మర్చిపోలేను."

"పేరు చెప్పలేదు. పడవ కడగాలంటూ వెళ్లిపోయాడు. నాకు కళ్లు మూతలు పడుతుంటే నిద్రపోనివ్వకుండా దారంతా ఒకటే కబుర్లు, నవ్వులూ."

"ఏం కబుర్లు?"

లిండ్సే టీ ఒక గుక్క తాగాడు.

"నాకొక్క ముక్క అర్థమైతే ఒట్టు. 'ఈపాటికి మా కోట తోడేళ్ల పాలై ఉంటుందండీ, కెటిల్ అనడానికి కూడా తీరిక దొరకలేదు, అయినా మా కెప్టెన్ బంగారం, రేపు చెబితే అర్థం చేసుకుంటుంది' అన్నాడమ్మా."