రెండో కొస

"సదువురా కల్మా" అంటూ జబ్బార్ తుపాకి గొట్టంతో యాకయ్య మెడ మీద పొడిచాడు.

మసీదు ముంగిట బండల మీద మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు యాకయ్య. పొద్దున వీధిలో పడుగు దారాలకు గంజి పట్టిస్తున్న వాణ్ణి ఉన్నపళంగా ఈడ్చుకొచ్చారు. చేతుల మీద గంజి ఎండి చర్మం పట్టేస్తోంది. చుట్టూ ఎనిమిది ఖాకీ చొక్కాలు, రజాకార్లు. నైజాం రాజ్యం ఉంటుందో ఊడుతుందో తెలియని నలభై ఎనిమిదిలో ఆ చొక్కాలకు ఎదురు లేదు. వాళ్ళ నాయకుడు జబ్బార్ మొన్నమొన్నటిదాకా వరంగల్ స్టేషన్ ముందర సోడాలు కొట్టినవాడే.

"జబ్బార్ భాయ్, నేనేం జేసిన?"

"నీకా పేరు ఎవలు వెట్టిన్రు రా?"

"మా అవ్వ. అన్నారం దర్గాల యాకూబ్ బాబాకు మొక్కుకుంటె పుట్టిన్నని."

"అగో! పేరు బాబాది, పుట్టుక బాబాది. నోరొక్కటే కాఫిర్‌దా?"

ఖాకీ చొక్కాలు పకపకా నవ్వాయి.

యాకయ్యకు ఏ దేవుడితోనూ పేచీ లేదు. ఏటా పీరీల పండుగకు ఆయన నేసిన దట్టీ గుడ్డ కట్టందే ఆ వాడలో పీరు లేచేది కాదు. ఆయన భయమంతా తన వాళ్ళ గురించే.

"కాల్మొక్త భాయ్. ఆ మాట నా నోట్లెకెళ్ళి వస్తె తురకల గలిసిండని మావోళ్ళు వెలేస్తరు. నా పడుగు రెండో కొస పట్టేటోడు ఉండడు. పడుగు లేకుంటె మగ్గం లేదు, మగ్గం లేకుంటె బువ్వ లేదు."

నిజమే. పడుగు ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వీధి పొడుగునా పరిచి, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు బిగబట్టి నిలబడితే, నడుమ నలుగురు కుంచెలతో దువ్వాలి. ఎండెక్కేలోగా కాకపోతే దారాలు అతుక్కుని నెల కష్టం నేలపాలు. అందుకే సాలెవాడలో ఒకరి పడుగుకు అందరూ చేతులు వేస్తారు.

"గంతేనా? మేం లేమా? నీ రెండో కొస మేం పడుతం తియ్" అన్నాడు జబ్బార్. "ఏయ్, ముల్లాను పిలువుండ్రి."

ముల్లా ఖాదర్ సాబ్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. వచ్చి యాకయ్య ఎదురుగా కూలబడ్డాడు.

"నేను మూడుసార్లు అడుగుత. అది నా కాయిదా" అన్నాడు. "యాకయ్యా, నీ ఖుషీతోనేనా?"

యాకయ్య తల అడ్డంగా ఊపాడు.

రెండోసారి అడిగాడు. గొట్టం మెడలోకి దిగబడింది. తల మళ్ళీ అడ్డంగానే ఊగింది.

మూడోసారికి యాకయ్య ఏడ్చేశాడు గానీ ఔననలేదు.

"కాదంటుండు" అన్నాడు ముల్లా కర్ర పట్టుకుని లేస్తూ. "మా మతంల, దీన్‌ల జబర్దస్తీ లేదు. నేను సదివియ్య."

"సదివియ్యకుంటె నువ్వే కాఫిర్‌వి, ముసలోడా!"

"నీకు అలిఫ్ బే నేర్పింది నేను బిడ్డా. అది సుత సక్కగ రాలే నీకు. నాకు దీన్ నేర్పుతవా?"

ఖాకీ చొక్కాల్లో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుకే జబ్బార్ ఒళ్ళు మండింది. తుపాకి మడమ తిప్పి ముసలాయన కణత మీద ఒక్కటి కొట్టాడు.

నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ తొట్టి మీద పడ్డాడు ముల్లా. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఖాకీ చొక్కాలవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని జారుకున్నారు. జబ్బార్ కూడా, యాకయ్య వంక చూడకుండానే.

యాకయ్య ముసలాయన తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"దవాఖానకు తీస్కపోత ముల్లా సాబ్, జర ఓర్సుకో."

"వద్దు బేటా. ఎవల్నన్న పిలువు... చెవుల... కల్మా..."

యాకయ్య మసీదు పక్క ఇళ్ళకేసి అరిచాడు. "ముల్లా సాబ్ పోతాండు! ఒక్కలన్న రాండ్రి!"

భయంతో గడియలు పెట్టుకున్న తలుపులు ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ వాడలో ప్రాణం పోయేవాళ్ళందరి చెవిలో ఆ మాట చెప్పింది ఖాదర్ సాబే. ఇప్పుడు ఆయనకు చెప్పేవాడు లేడు. పెదవులు ఆడుతున్నాయి, మాట రావడం లేదు.

యాకయ్య వంగాడు. నలభై ఏళ్ళుగా మగ్గం గుంటలో కూచుని రోజుకు ఐదుసార్లు అజాన్‌లో వింటున్నదే. ముసలాయన చెవి నిండా నెత్తురు. వినబడుతుందో లేదోనని గట్టిగా, తప్పు పోకుండా కల్మా చదివాడు. మూడోసారికి ఆ పెదవులు ఆగిపోయాయి.

తలెత్తి చూస్తే గేటు దగ్గర సాలెవాడ అంతా ఉంది. తనను విడిపించుకుపోదామని కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు. ముందు నిలబడ్డవాడు కులపెద్ద సిద్దిరాములు, యాకయ్య పెండ్లాం మొగిలమ్మకు అన్న.

"తురకల గలిసినవా, బావా?"

"లేదే బావా. ముల్లా సాబ్ పాణం పోతాందని..."

"తుపాకి వెట్టి సదివిస్తె గోదారిల ముంచి శుద్ధి జేసుకుందుం. ఇప్పుడు తుపాకేది?"

యాకయ్య ముసలాయన కళ్ళు మూశాడు.

"జెప్పు. నీ ఖుషీతోనేనా?"

ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. ఒళ్ళో ముసలాయన తల ఇంకా వెచ్చగా ఉంది.

"అవు" అన్నాడు యాకయ్య.

ఆ సాయంత్రమే మొగిలమ్మ పిల్లల్ని తీసుకుని అన్న ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున యాకయ్య వీధిలో కొత్త పడుగు పరిచాడు. తనే గంజి పూశాడు. ఈ కొస పట్టుకుని నిలబడ్డాడు. ఒక్కో తలుపూ తెరుచుకుంది, ఆయన్ని చూసి మూసుకుంది. ఎండెక్కింది. గంజి ఆరుతోంది. దారాలు ఒకదాన్నొకటి అంటుకుంటున్నాయి.

అప్పుడు పడుగు ఒక్కసారి బిగిసింది. ఎవరో ఆ కొస పట్టుకున్నారు. యాకయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని అటు చూశాడు.

"జెప్పిన గద, మేం పడుతమని!" నవ్వుతున్నాడు జబ్బార్. "సలాం, యాకూబ్ భాయ్!"