మూడో అంతస్తు ఏసీలు

నగేష్ మళ్లీ సంజీవరావు గది ముందు చెప్పులు విడిచాడు.

మెట్ల మీద నుంచి హన్మాండ్లు చూశాడు. నిన్న కూడా అవే చెప్పులు, అదే గడప.

కంపెనీతో మాట్లాడేందుకు ఎడారి దేశపు లేబర్ క్యాంప్‌లో ఓట్లు పెట్టి ముగ్గురిని ఎన్నుకున్నారు: మేస్త్రీ హన్మాండ్లు, డ్రైవర్ నగేష్, స్టోర్స్ చూసే సంజీవరావు. ఎక్కువ ఓట్లు హన్మాండ్లుకే. ముగ్గురికీ పెద్ద తనేననుకున్నాడు. కానీ ఎన్నిక పెట్టించిన సేఫ్టీ సారు యెన్స్‌ది డెన్మార్క్. అక్కడ వాళ్లమ్మ బడిలో పాఠాలు చెబుతూనే ఊరి కౌన్సిల్లో కూర్చునేదట. పెద్దను జనం ఎన్నుకోరట. గెలిచినవాళ్లే తమలో ఒకరిని చేసుకుంటారట. ఒకసారి కూర్చోబెడితే నాలుగేళ్లూ ఆయనేనట. అంతా తలుపులు తెరిచి, జనం ముందే. ఇక్కడా అదే పద్ధతన్నాడు యెన్స్.

మేనేజరు ముందు కూర్చునేది పెద్ద ఒక్కడే. మూడో అంతస్తులో ఏసీలు వేడిగాలి కొడుతున్నాయి. మార్పిస్తానని హన్మాండ్లు తన అంతస్తుకు మాటిచ్చాడు. నగేష్ ఉండేది కింద, చల్లగా. ఒకే మండలం వాళ్లైనా ఇద్దరికీ పొసగదు. మొన్న నగేష్ పైకొచ్చి, ఏసీ ముందు చెయ్యి పెట్టి చూసి దిగిపోయాడు. మూడో అంతస్తు వాళ్లను తనవైపు తిప్పుకోవడానికే వచ్చాడని హన్మాండ్లు లెక్కగట్టాడు.

నగేష్ చెప్పులేసుకుని వెళ్లాక హన్మాండ్లు సంజీవరావు గదిలోకి పోయాడు. ఆయన మేనేజరు ముందు నోరెత్తని మెత్తటి మనిషే, అయినా నగేష్ కంటే నయం.

"సారూ, నా చెయ్యి నీకే లేపుత. నువ్వే పెద్దగ ఉండు. గా నగేష్‌కు మాత్రం పోనియ్యకు."

సంజీవరావు టీ గ్లాసు కింద పెట్టాడు. "అదేంటండీ హన్మాండ్లు గారూ, మీకు ఉండాలని లేదా?"

"లేదు," అని అబద్ధమాడాడు హన్మాండ్లు.

"ఇందాక నగేష్ వచ్చి చెప్పింది వేరేనండీ..."

"ఆని మాట నా ముంగట ఎత్తకు. ఆడేం జెప్పిండో నాకెర్కే."

మీరే వద్దంటే నేనేం చేసేదన్నట్టు సంజీవరావు తలూపాడు.

శుక్రవారం మెస్ హాలు తలుపులన్నీ తెరిచారు. మూడో అంతస్తంతా ముందు వరుసల్లో కూర్చుంది. యెన్స్ ఒక్కొక్క పేరే పిలిచాడు.

నగేష్ పేరుకు ఒక్క చెయ్యీ లేవలేదు. హన్మాండ్లు మీసం దువ్వుకున్నాడు.

సంజీవరావు పేరుకు రెండు లేచాయి. మొహమాటంగా ఆయనది, నిటారుగా హన్మాండ్లుది.

"మన ఏసీలు గంగల కల్సినయ్ పో, మేస్త్రీ," అన్నాడు వెనక నుంచి తన అంతస్తు నర్సింలు.

చివరికి యెన్స్ హన్మాండ్లు పేరు పిలిచాడు.

నగేష్ చెయ్యెత్తాడు.