ఖాళీ గడి

"ట్యాబ్ పాఠాలొచ్చి నాలుగు వారాలైంది. లక్ష్యాల చార్టులో ఈ పిల్ల గడిలో ఒక్క స్టారూ లేదు, మీ లక్ష్యం రాయాల్సిన గడీ ఖాళీ. రేపు దీన్ని రెండో తరగతికి దింపేస్తానమ్మా," అని హెడ్మాస్టరు వెళ్లిపోయాడు.

పంతులమ్మ కుర్చీలో కూలబడింది. "ఈ ట్యాబ్ పాఠం నా ముందే చెయ్యవే తల్లీ."

పిల్ల ప్రశ్నలన్నీ గడగడా చదివింది. వేలు మాత్రం తప్పు జవాబుల మీదే నొక్కింది.

"ఒసేయ్, తెలిసే నొక్కుతున్నావా?"

"స్టార్ వచ్చినోళ్లకి మళ్లీ ట్యాబే ఇస్తారుగా టీచర్. తప్పులొస్తేనే మీ పక్కన కూర్చోబెట్టుకుంటారు."

పంతులమ్మ ఓపిక కూడదీసుకుని లేచి, చార్టులో తన గడిలో రాసింది: 'రోజూ ప్రతి పిల్ల పక్కనా కాసేపు కూర్చోవాలి.'

పిల్ల కూడబలుక్కోకుండా చదివేసింది. "చెయ్యకపోతే మిమ్మల్నీ దింపేస్తారా?"

"దింపేస్తారే. జరుగు, చోటివ్వు."