టాకాలు వేసిన కోటు

అన్న ఎంపీగా ప్రమాణం చేయడానికి కోటు కుడుతోంది చెల్లెలు. కొలత చూడటానికి అతనికి తొడిగి, కోటు చేతులను లాగితే ఊడొచ్చే తాత్కాలిక టాకాలతో అతికిస్తోంది.

"గెలిస్తే, ఏ పార్టీకి ఎంత శాతం ఓట్లొస్తే అంత శాతం సీట్లిచ్చే చట్టం తెస్తానన్నావు. అది నమ్మేగా మా చిన్న పార్టీ పోటీ మానుకుని నీకు ఓట్లేయించింది!"

"నూటికి నలభై ఓట్లకే మాకు మూడింట రెండొంతుల సీట్లొచ్చాయే పిచ్చిదానా! కూర్చున్న కొమ్మను నరుక్కోమంటావా?"

"పోయినసారి ఈ లెక్కే అన్యాయమని అరిచావుగా అన్నయ్యా?"

"అప్పుడు ఓడిపోయాం కదే!" అన్న నవ్వాడు. "నీకూ ఏదో ఒక పదవి ఇప్పిస్తాలే. ముందిది చూడు, చంక దగ్గర పట్టేస్తోంది."

ఆమె టాకా దారం కొస పట్టుకుని లాగింది. కోటు చెయ్యి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

"ఇప్పుడు సరిపోయిందా అన్నయ్యా?"