సింగపూర్ మాత్ర

డాక్టరు చీటీ రాయగానే, ఆ మందుకు కంపెనీ ఆయనకేమిస్తుందో బల్ల మీది పెట్టె గట్టిగా చెప్పాలని చట్టం వచ్చింది. మొదట్లో రోగులు తిట్టిపోశారు. ఇప్పుడు బస్టాండు మైకులాగే దాన్నీ ఎవరూ పట్టించుకోవడం లేదు.

బట్టలు కుట్టే రత్తాలు మాత్రం వింది. దిగులు తగ్గింది, మందు ఆపమని అడగడానికే వచ్చిందామె. మానసిక వైద్యుడు సుధాంశు మళ్లీ అదే మాత్ర రాశాడు.

"డాక్టరుగారికి కుటుంబంతో సింగపూర్ యాత్ర," అంది పెట్టె.

"ఆ ఫొటోలో ఉన్న మీ పాపని కూడా తీసుకెళ్తారా బాబూ?" అంది రత్తాలు.

అతను తలూపాడు.

"అయితే ఇంకొన్నాళ్లు మింగుతాలెండి. దీంతో చెయ్యి వణుకుద్ది, అంతేగా! సూదిలో దారం మా కోడలు ఎక్కిచ్చుద్ది."

చీటీ కళ్లకద్దుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, "సముద్రం దగ్గర పాప జాగ్రత్త బాబూ," అంది.

సుధాంశు తలెత్తలేకపోయాడు.