కంట్లో రవ్వ

"ఒంటి మీద గానీ, ఒంటి లోపల గానీ ఇనుము ఏమైనా ఉందా?" స్కానింగ్ గది గుమ్మంలో నిలబడి అడిగింది టెక్నీషియన్.

"లేదు."

"ఆపరేషన్లేమైనా అయ్యాయా? లోపల రాడ్లు, క్లిప్పులు..."

"లేదు, లేదు."

ఆమె ఇంకా ఏదో అడుగుతూనే ఉంది. లేత్ మిషన్ మీద పనిచేసే ఆ మనిషికి ఒక్క ముక్కా బుర్రకెక్కడం లేదు. అతని చూపంతా లోపలున్న గుండ్రటి సొరంగం మీదే ఉంది. ఈ తలనొప్పి దేనికొస్తోందో తేలిపోతుందని ఒక భయం, ఆ సందులో దూరాలంటే ఇంకో భయం. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపేశాడు.

"ఏమండీ, ఆవిడ అడిగేది కాస్త వినండి," వెనక నుంచి భార్య మందలించింది.

"వింటూనే ఉన్నాలే. నువ్వెళ్ళి బయట కూర్చో."

"తొందరేం లేదు. లోపలున్నది మామూలు అయస్కాంతం కాదు, బాగా ఆలోచించుకుని చెప్పండి," అంది టెక్నీషియన్.

"ఏమీ లేదమ్మా. త్వరగా కానిచ్చెయ్యండి."

బల్ల మీద పడుకోబెట్టి, తల కదలకుండా పంజరంలాంటిది బిగించారు. చేతిలో ఒక రబ్బరు బంతి పెట్టారు.

"భయమేస్తే ఇది నొక్కండి. కళ్ళు మూసుకుంటే హాయిగా ఉంటుంది."

బల్ల మెల్లగా కదిలింది. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు!

గుమ్మంలో ఆమె అడిగిన ఆఖరి ప్రశ్న అప్పుడు వినపడింది అతనికి. 'ఎప్పుడైనా కంట్లో ఇనుప రవ్వ పడిందా?' దానికీ తల అడ్డంగానే ఊపాడు. కానీ పడింది. ఇనుము కోస్తుంటే ఎగిరొచ్చి కుడికంట్లో పడింది. కొన్నాళ్ళు ఎర్రబడి, దానంతటదే తగ్గిపోయిందని డాక్టరుకు చూపించుకోలేదు.

అదింకా లోపలే ఉంటే?

ఒళ్ళంతా చెమట పట్టేసింది. బంతి పిసికాడు. మళ్ళీ పిసికాడు.

"ఆపండి! అమ్మా, ఆపండి!"

బల్ల ఆగింది. "ఏమైంది?"

"కంట్లో... ఇనుము పడింది. ఎప్పుడో..."

మీదికి వంగిన ఆమె ముఖం పాలిపోయింది.

"తల కదపకండి. కళ్ళు అటూ ఇటూ తిప్పకండి. నేను చెప్పేదాకా అలాగే ఉండండి."

ఈసారి ప్రతి మాటా విన్నాడు. రెప్ప కూడా కదపలేదు. బల్ల అంగుళం అంగుళం వెనక్కి వస్తుంటే కుడికన్ను ఊడిపోతున్నట్టే అనిపించింది.

బయటికి తెచ్చి కళ్ళకు ఎక్స్‌రే తీశారు.

"కన్ను పోతే నన్ను మళ్ళీ మిషన్ ముందు ఎవరు నిలబెడతారే?"

"నోరు ముయ్యండి," అంది భార్య. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

టెక్నీషియన్ ఫిల్ము పట్టుకుని వచ్చింది.

"మీ కుడికంట్లో ఏమీ లేదు."

"హమ్మయ్య!" అతనికి ప్రాణం లేచొచ్చింది. "అనవసరంగా అందర్నీ హడలగొట్టాను. పదండి, ఆ స్కానింగేదో కానిచ్చేద్దాం," అంటూ లేచాడు.

ఆమె అతని భుజం పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"రవ్వ ఉన్నది ఎడమకంట్లో."