ప్రభావతి మెచ్చిన కోడలు

"చిన్న కోడలు అని రాయి" అంది ప్రభావతి.

కార్డు మీద పెన్ను ఆనించిన బాలకిషన్ ఆగిపోయాడు. సీరియల్లో మీకు నచ్చిన పాత్ర పేరు కార్డు మీద రాసి పంపితే బహుమతి ఇస్తామని టీవీలో చెప్పారు. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో అతని బట్టల దుకాణానికొచ్చే ఆడవాళ్లంతా పెద్ద కోడలి పేరే రాస్తున్నారు.

"పెద్దామె దేవత అసొంటిది. చిన్నది అత్తకు ఎదురు మాట్లాడుతది. గామెల ఏం నచ్చింది నీకు?" అన్నాడు భార్యతో.

"ఆకలైతే అందరికన్న ముందే కూసొని తింటది. ఎవరేం చెప్పినా, ఎందుకని అడుగుతది."

"నా చేతితోని గా పేరైతే రాయను."

ప్రభావతి అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. కార్డు తన ముందుకు జరుపుకొని, ఒక్కో మరాఠీ అక్షరం దిద్దినట్టు నెమ్మదిగా రాసింది. కింద తన పేరు కూడా రాసింది.

పదిహేనేళ్ల కాపురంలో ఆమె చేత వేలిముద్రలే వేయించిన బాలకిషన్ ఆ అక్షరాల వంక చూస్తుండిపోయాడు.

"ఎప్పుడు నేర్చినవ్?"

"బిడ్డ చదువుకుంటుంటే పక్కన కూసొని నేర్చిన. రెండేండ్లాయె."

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలేదు" అని ప్రభావతి పెన్ను మూత పెట్టింది. "మా నాయన భూమి కాయితాల మీద నా వేలిముద్ర కోసం మా అన్న రేపు రాజురా నుంచి వస్తుండు గద. ఫోన్ చేసి చెప్పు. కాయితం మొత్తం నేను చదువుతా. నాకు నచ్చితేనే సంతకం."